తాతగారి వంకీ బాకు: తోమే ముందు ఒకసారి కిటికీ దగ్గర తిప్పి చూడండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా పెడతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడుతుంది. మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఒక వంకీ బాకు దొరికింది. పొడవు మూరకు కాస్త తక్కువ. పిడి లేత ఆకుపచ్చ రాయి, అందులో బంగారు తీగల పని, చిన్న చిన్న కెంపులు, రెండు గూళ్లు ఖాళీ. అలుగు (కత్తిలో పదునుండే ఇనుప భాగం) మీద నల్ల మచ్చలు, పిడి దగ్గర బంగారు అక్షరాలు. చిరిగిన ఎర్ర మఖమల్ ఒర. మీ కుటుంబం ఆదోని నుంచి వచ్చింది. ఒక షాపాయన "జహంగీర్ కాలంది, 400 ఏళ్లు" అన్నారు. ఇంకొకాయన "నిన్నమొన్న రాజస్థాన్‌లో చేసిన సరుకు" అన్నారు. మీ పిన్నిగారు దసరాకి చింతపండు పెట్టి తోమి పూజలో పెడదామంటున్నారు. అమెరికాలో ఉన్న మీ బావగారు అక్కడికి తెస్తే మంచి ధర వస్తుందంటున్నారు. అసలుదేనా, వయసెంత, ఎలా శుభ్రం చేయాలి, అమ్మొచ్చా అని ఫొటోలు పంపి అడిగారు.

అన్నిటికంటే ముందు పిన్నిగారిని ఆపండి. చింతపండు, నిమ్మకాయ, విభూది, బ్రాసో, గిన్నెల పీచు, ఇవేవీ ఆ అలుగుకు తగలకూడదు. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే. ఉక్కుకు మాత్రం పులుపు అంటే ఆసిడే, తినేస్తుంది. పూజ మానమని నేను అనను. పీట మీద పొడి గుడ్డ పరిచి బాకును దాని మీద ఉంచండి, బొట్టు పీటకు పెట్టండి. అలుగుకు తడి కుంకుమ పెట్టి వదిలేస్తే కొన్నేళ్లకు ఆ బొట్టు ఎంతుందో అంత గుండ్రంగా గుంట పడుతుంది. పాత ఇళ్ల నుంచి వచ్చిన కత్తుల మీద ఒకే చోట, వేలిముద్రంత గుంటలు చాలాసార్లు చూశాను. ఏటేటా ఎవరో భక్తిగా బొట్టు పెట్టిన చోటే అది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాత లోహ వస్తువులను బాగుచేసే పనిలో 30 ఏళ్లకు పైగా ఉన్నాను, అందులో ఎక్కువ భాగం ఆయుధాలే. పనిలో చేరిన రెండో ఏడు నా బల్ల మీదికి ఒక బాకు వచ్చింది. తుప్పు వదిలించాలన్న ఆత్రంలో సన్న ఎమెరీ కాగితంతో రెండు రోజులు రుద్దాను. అద్దంలా వచ్చింది. మా పెద్దాయనకు చూపించాను. ఆయన కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ జౌహర్ ఉండేది కదమ్మా" అని మాత్రం అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఉక్కు లోపల అది ఇంకా ఉంటుంది, మళ్లీ పైకి తేవడానికి దారులున్నాయి. కానీ ఆ కమ్మరి తన చేత్తో ముగించిన పైపొర పోయింది, అది తిరిగి రాదు.

జౌహర్ అంటే ఏమిటో మీ మూడో ఫొటోలోనే ఉంది. పిడికి రెండు వేళ్ల కింద, నల్ల మచ్చల మధ్య, బొటనవేలి గోరంత మేర శుభ్రంగా ఉన్న చోట పెద్దది చేసి చూడండి. బూడిదరంగు మీద వెంట్రుకల్లాంటి తెల్లని గీతలు కనిపిస్తాయి. గాలి తగిలినప్పుడు చెరువు నీటి మీద లేచే సన్నని అలల్లాగా ఉంటాయి, ఒకదానికొకటి పోలిక ఉండదు. ఎవరూ చెక్కలేదు, గీయలేదు. అది ఉక్కు పుట్టుకలోనే ఉంది. ఆ ఫొటో చూశాకే మీకు ఇంత పెద్ద జవాబు రాయాలనిపించింది.

ఆ ఉక్కు తయారీ మామూలు కొలిమి పని కాదు. ఇనుప ముక్కలను కాస్త కట్టెతోనో ఆకులతోనో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మెత్తేస్తారు. ఆ మూస మట్టిలో వరి ఊక కలుపుతారు, ఎంత వేడికైనా పగలకుండా నిలవడానికి. కొలిమిలో దాన్ని రోజంతా కాచి, నెమ్మదిగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే లోపల చిన్న ఉక్కు ముద్ద. అందులో కర్బనం సుమారు 1.5 శాతం. ఇప్పుడు మన ఇళ్ల స్లాబుల్లో వేసే కడ్డీల్లో అది 0.3 శాతం కూడా దాటదు. ఎక్కువైన ఆ కర్బనం ఇనుముతో కలిసి గట్టి రేణువులుగా మారుతుంది. ముద్దను కాల్చి సాగగొట్టేటప్పుడు ఆ రేణువులు వరసలు కడతాయి. అవే మీకు తెల్ల గీతలుగా కనిపిస్తున్నాయి. 1998లో అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. ఖనిజంలో వెనేడియం లాంటి లోహాలు అతి స్వల్పంగానైనా సరే, ఉంటేనే ఆ వరసలు కుదురుతాయని. అంటే పనితనం ఎంత ముఖ్యమో ఏ ఊరి ఇనుము అన్నదీ అంతే ముఖ్యం.

ఆ ఊళ్లలో కొన్ని మనవే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు విన్నారా? హెన్రీ వాయ్సీ అనే డాక్టరు, భూగర్భ పరిశోధకుడు ఆ ఊరికి వెళ్లి చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. రెండు ఊళ్ల ఇనుమును కొలతగా కలిపి మూసల్లో పెట్టేవారని, ఆ ఉక్కు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు అక్కడికే వచ్చి దగ్గరుండి చేయించుకునేవారని రాశారు. అంతకు 150 ఏళ్ల ముందే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పర్షియాలో జౌహర్ తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాసిపెట్టాడు. 1795లో లండన్‌లో పియర్సన్ అనే శాస్త్రవేత్త ఈ ఉక్కు మీద రాసిన పత్రంలో దీన్ని 'వూట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' మాటే నోళ్లు మారి అలా అయిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. మ్యూజియంలో "పర్షియా బాకు" అని చీటీ ఉన్న వస్తువును చూసినప్పుడల్లా నాకు కోనసముద్రం కొలిమి తిత్తులే గుర్తొస్తాయి.

ఆ ముద్దను అలుగుగా మలచడం ఇంకా కష్టం. ముదురు ఎరుపు దాటి కాలనివ్వకూడదు. తెల్లగా కాలిందంటే సుత్తి కింద పొడిపొడి అయిపోతుంది. ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారం బాగా కాల్చి కొట్టి, ఇది పనికిరాని ఉక్కు అని చాలాకాలం అనుకున్నారు. మనవాళ్లూ పర్షియన్లూ తక్కువ వేడిలో, ఓపిగ్గా, మళ్లీ మళ్లీ కాచి కొట్టేవారు. మీ బాకుది ఖంజర్ తరహా. అలుగు ముందు ఒక పక్కకు వంగి, మొన దగ్గర మళ్లీ రెండో పక్కకు తిరుగుతుంది, రెండు వైపులా వాదర, అంటే పదును అంచు, ఉంటుంది. మధ్యలో నిలువునా సన్నని వెన్ను తీశారు. ఆ వెన్ను దగ్గర జౌహర్ గీతలు ఎలా పోతున్నాయో చూడండి. అసలు మూస ఉక్కు అయితే, ఆకురాయితోనో సానతోనో లోతుగా తీసిన చోట గీతలు వంపు తిరిగి, కొండ చుట్టూ పొలం గట్లు తిరిగినట్టు కనిపిస్తాయి. మామూలు ఉక్కు మీద ఆసిడ్‌తో బొమ్మ గీసిందైతే గీత వెన్నును పట్టించుకోకుండా తిన్నగా దాటిపోతుంది.

ఇప్పుడు రాజస్థాన్‌లో చేసే కొత్తవాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి, మడిచి కొట్టినవి. వాటి గీతలు వెడల్పుగా, చీర అంచు డిజైన్‌లా ఒకే లయలో తిరిగి తిరిగి వస్తాయి, గదిలో ఆ చివరి నుంచి కూడా కనిపిస్తాయి. జౌహర్ ఉన్న ఉక్కును ఇంగ్లీషులో డమాస్కస్ ఉక్కు అంటారు, వీటినీ ఆ పేరుతోనే అమ్ముతారు. అవి తక్కువ పని అని నేను అనను, కొందరు చాలా బాగా చేస్తున్నారు. కానీ అది వేరే విద్య. మీ అలుగు ఆ రకం కాదని దాదాపు నమ్మకంగా చెప్పగలను.

అయితే "ఈ బాకు వయసెంత?" అని అడిగారు కదా, దానికి ఒక్క జవాబు లేదు. ఇలాంటి బాకు ఒకరి చేతి పని కాదు. ఉక్కు కాచినవాళ్లు ఒకరు, అలుగు కొట్టినవాళ్లు ఇంకొకరు. పిడి రాయి అరగదీసినవాళ్లు, కుందనం పొదిగినవాళ్లు, బంగారు అక్షరాలు వేసినవాళ్లు, ఒర కుట్టినవాళ్లు, అందరూ వేరువేరు. అందరూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఉండి ఉండాలనే నియమమూ లేదు. అలుగు కింది నుంచి ఒక ఇనుప తోక పిడిలోకి దిగి ఉంటుంది. దాన్ని లోపల లక్కలాంటి బంకతో నిలబెడతారు. లక్క వేడికి కరుగుతుంది. కాబట్టి పిడి పగిలినా, యజమాని మారినా, కాస్త వేడి చూపించి అలుగు ఊడదీసి ఇంకో పిడికి బిగించేవారు. మంచి అలుగును ఎవరూ పారేయలేదు. అందుకే నేను ఏ బాకునైనా అలుగు, పిడి, బంగారు అక్షరాలు, ఒర అని నాలుగు వస్తువులుగా చూస్తాను, నాలుగింటి వయసూ విడివిడిగా అంచనా వేస్తాను.

మీ రెండో ఫొటోలో పిడీ అలుగూ కలిసే చోట నల్లటి బంక కాస్త పైకి పొంగి ఉంది. చాలాకాలంగా తిరగని బిగింపైతే అది ఎండి, పగుళ్లు తేలి, దుమ్ము పట్టి ఉండాలి. ఇది నున్నగా మెరుస్తోంది. కనీసం ఒకసారి, అదీ మరీ పాతకాలంలో కాకుండా, ఎవరో విప్పి బిగించారని నా అనుమానం.

ఇక పిడి. పైభాగం ఒక పక్కకు ఒరిగి పిస్తోలు పట్టులా ఉంది. ఈ ఆకారం మొఘల్ దర్బారులో 17వ శతాబ్దం రెండో సగం నుంచి బాగా వాడుకలోకి వచ్చింది, 19వ శతాబ్దం దాకా చేస్తూనే వచ్చారు. రాయి యశ్మ్, అంటే ఇంగ్లీషులో జేడ్, అయ్యే అవకాశం ఉంది. అది మధ్య ఆసియాలోని ఖోతాన్ నదుల నుంచి వచ్చేది. దాన్ని ఉలితో చెక్కడం కుదరదు. తిరిగే సాన మీద కురువిందం అనే గట్టి రాయి పొడి, నీళ్లు వేస్తూ నెలల తరబడి అరగదీయాల్సిందే. అందుకే మంచి యశ్మ్ పిడిలో పూరేకుల అంచులు పదునుగా ఉండవు, వెన్న కరిగినట్టు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పొద్దున్నే చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంటుంది, ఆ చల్లదనం చాలాసేపు పోదు. మీరు గోటితోగానీ సూదితోగానీ గీసి చూడకండి. ఇదే రంగులో ఉండే మెత్తరాయి కూడా ఉంది, గీస్తే గీత పడిపోతుంది. ఏ రాయో తెలుస్తుంది, పిడి మాత్రం పాడవుతుంది. భూతద్దంలో లోపల గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజు. నారలా, పొగమంచులా కనిపిస్తే యశ్మ్ అనే ఆశ పెట్టుకోవచ్చు.

ఆ బంగారు తీగల పని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మీరు ఖాళీ గూళ్లలో కెంపులు పెట్టించాలనుకుంటున్నట్టు రాశారు. మనం తెలుగులో మేలిమి బంగారాన్ని కుందనం అంటాం. ఈ పనికి ఆ పేరు ఊరికే రాలేదు. బంగారాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేసి, రేకుగా సాగగొడతారు. కల్తీ బొత్తిగా లేని బంగారం ఎంత మెత్తనవుతుందంటే, రేకు మీద రేకు పెట్టి ఉక్కు పుల్లతో గట్టిగా అదిమితే వేడి లేకుండానే అతుక్కుపోతుంది. రాయిలో గూడు తొలిచి, అడుగున లక్క వేసి, దాని మీద తళుకు రేకు పరిచి, కెంపు కూర్చోబెట్టి, చుట్టూ ఆ కుందనం రేకు కూరి అదుముతారు. గోళ్లూ ఉండవు, టంకమూ ఉండదు. నిప్పు తగిలితే యశ్మ్ పగులుతుంది కాబట్టి నిప్పు లేని దారి కనిపెట్టారు. మీ వీధి చివర కంసాలి ఎంత మంచివారైనా సరే, ఊదుగొట్టం పట్టుకుని ఈ పిడి దగ్గరకు రానివ్వకండి. నీళ్లలో ముంచి కడగడం కూడా వద్దు. ఆ తళుకు రేకులోకి తడి వెళ్తే కెంపు వెనక నల్లబడి, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మీ పిడిలో కిందివరసలో మూడు కెంపులు అలా నల్లబడే ఉన్నాయి, ఎప్పుడో ఎవరో కడిగారు. ఖాళీ గూళ్లను ఖాళీగానే ఉంచండి. లోపల మిగిలిన పాత లక్క, రేకు ముక్క రేపు ఎవరైనా పరీక్ష చేస్తే సాక్ష్యాలవుతాయి.

బంగారు అక్షరాల్లో 'అసదుల్లా' అని చదవగలిగాను. అది చూసి షాపాయన ఎక్సైట్ అయి ఉంటారు. పర్షియా రాజు షా అబ్బాస్ కాలపు ఇస్ఫహాన్‌లో అసదుల్లా గొప్ప కమ్మరిగా పేరు పొందాడు. కానీ ఆ పేరు తర్వాత 200 ఏళ్ల పాటు ఎన్ని అలుగుల మీద వేశారో లెక్క లేదు. అన్నీ మోసం చేయాలనే వేయలేదు, కొన్ని గౌరవంతో వేసినవి, మేలైన సరుకు అనే ముద్రగా వేసినవి. మీదాంట్లో పనితీరు కూడా చూడాలి. ఉక్కులో కాలువ తవ్వి బంగారు తీగ కూర్చితే అక్షరం అంచు పదునుగా, గట్టిగా నిలుస్తుంది. పైపైన అడ్డగీతలు గీకి గరుకు చేసి, దాని మీద తీగను సుత్తితో కొట్టి అంటించేది కోఫ్త్‌గరీ. అందులో బంగారం అరిగిన చోట కింద గళ్లగళ్ల గీతలు బయటపడతాయి. మీ ఫొటోలో చివరి అక్షరం దగ్గర ఆ గళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఇది 19వ శతాబ్దపు అలవాటుకు దగ్గరగా ఉంది.

ఇక జహంగీర్ మాట. ఆయన ఆయుధాల గురించి ఆయనే రాసుకున్నాడు. 1621లో జలంధర్ దగ్గర ఉల్క పడితే తవ్వించి తెప్పించాడు, 160 తులాలు తూగింది. ఉస్తాద్ దావూద్‌ను పిలిచి కత్తులు చేయమన్నాడు. ఒట్టి ఉల్క ఇనుము సుత్తి కింద నిలవకపోతే, దాని మూడు పాళ్లకు మామూలు ఇనుము ఒక పాలు కలిపి రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చాకు చేశారు. ఆ చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది, దాని మీద బంగారంతో రాత కూడా ఉంది. పాదుషా వస్తువైతే అలా రాతలు, లెక్కలు వెంట వస్తాయి. ఆధారం ఏమీ లేకుండా నోటిమాటగా ఆ పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్ల చాకు అని పేరున్నవి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యశ్మ్ వస్తువుల గదిలో ఉన్నాయి. ఒక ఆదివారం వెళ్లి ఆ పిడుల అంచులను పక్క నుంచి తీరిగ్గా చూసి రండి. మీ పిడి పక్కన ఫోన్‌లో ఫొటో పెట్టుకుని పోల్చుకోండి. నేను చెప్పే పది మాటల కంటే అది ఎక్కువ నేర్పుతుంది.

మొత్తం మీద నా అంచనా ఇది: అలుగు మూస ఉక్కుది, 18వ శతాబ్దం గానీ అంతకు కొంచెం ముందు గానీ. పిడి 18 లేదా 19. బంగారు అక్షరాలు 19. మఖమల్ ఒర మీ తాతగారి చిన్నతనంలో కుట్టించిందే, మిషన్ కుట్టు కనిపిస్తోంది. ఫొటోలు చూసి చెప్పే మాట, చేతిలోకి తీసుకుంటే మారొచ్చు.

ఆదోని అన్నారు కాబట్టి ఇంకొకటి చూడమని చెప్పాలి. 1689లో మొఘల్ సేన ఆదోని కోటను పట్టుకున్నప్పుడు ఆ సేనలో ఉన్న బికనీర్ రాజు అనూప్‌సింగ్ అక్కడి ఆయుధాలను, కవచాలను తన కోటకు తీసుకెళ్లాడు. వాటి మీద చుక్కచుక్కగా పొడిచిన దేవనాగరి అక్షరాలతో ఆయుధశాల గుర్తులు వేయించారు. అలాంటి వస్తువులు ఇప్పుడు ప్రపంచంలో చాలా మ్యూజియాల్లో ఉన్నాయి. మీ బాకు ఆదోనిలోనే ఉండిపోయిందైతే ఆ గుర్తు ఉండదు. అయినా పిడి కింద, ఒర మూతి దగ్గర ఏ చుక్కల రాతైనా, అంకెలైనా ఉన్నాయేమో ఏటవాలు వెలుగులో వెతకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ బాకు ఎలా వచ్చిందో వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఇప్పుడే.

శుభ్రం సంగతి. ఒట్టి చేత్తో అలుగును ముట్టుకోకండి, చెమట ఉప్పుకే తుప్పు మొదలవుతుంది. రబ్బరు గ్లౌజులు చాలు. నల్లగా, గట్టిగా, అంటుకుని ఉన్న మచ్చలను వదిలేయండి, అవి ఇక పెరగవు. ఎర్రగా, పొడిలా రాలేది మాత్రం బతికున్న తుప్పు. దాని మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, ఒక రోజు ఆగి, వెదురు పుల్లను చెక్కి మెల్లగా గీకండి. ఇనుప వస్తువు ఏదీ వాడొద్దు. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురై దుమ్ము పడుతుంది. తర్వాత మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, పలచగా అదే మిషన్ నూనె రాయండి. పిడికి నూనె తగలకూడదు. అలుగును ఒరలో పెట్టి దాచకండి, మఖమల్ తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. రెండూ విడివిడిగా, సిలికా జెల్ పొట్లాలతో, ఎండ తగలని చోట ఉంచండి. యూట్యూబ్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ అనే, ఉక్కును తినే రసాయనం పోసి జౌహర్ తేల్చే వీడియోలున్నాయి. దయచేసి ఆ జోలికి పోవద్దు.

మీ బావగారికి చెప్పండి, అది కుదరదు. 100 ఏళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం, సూట్‌కేసులో పెట్టుకెళ్లినా అంతే. దేశంలో అమ్మాలనుకుంటే లైసెన్సున్న వ్యాపారి దగ్గరకే వెళ్లండి. అంతకంటే ముందు రాష్ట్ర పురావస్తు శాఖ వారికి చూపించి, ఏమేం కాగితాలు కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఇది ఆయుధం కూడా కాబట్టి ఇంట్లో ఉంచుకోవడం గురించి మీ పోలీస్ స్టేషన్‌లో ఒక మాట అడగండి, తర్వాత టెన్షన్ ఉండదు. ధర నేను చెప్పను. వస్తువును చేతిలోకి తీసుకోకుండా ధర చెప్పేవాళ్ల మాటా వినకండి.

వీలైతే ఇంకో మూడు ఫొటోలు పెట్టండి. ఒకటి, పొద్దున్న కిటికీ వెలుగులో అలుగును ఏటవాలుగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా. రెండు, పిడీ అలుగూ కలిసే చోటు నాలుగు వైపుల నుంచి. మూడు, ఖాళీగా ఉన్న ఆ రెండు గూళ్లు, వీలైనంత దగ్గరగా. గూటి అడుగున ఏ రంగు లక్క మిగిలిందో కనిపిస్తే, కుందనం పని అసలుదా, తర్వాత అతికించిందా అన్నది ఇంకాస్త నమ్మకంగా చెప్పగలను.